వారధి అవతలి గది

విజయవాడలో ఒక ఆడపిల్లల హోమ్. ఆఫీసు గదిలో బల్లకి ఇటు ఉష, అటు పదిహేనేళ్ల బ్లెస్సీ. హోమ్ చూసుకునే హెప్సిబా గారు వెళ్లాలో ఉండాలో తేల్చుకోలేక తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"ఐదుకి ఐదు మార్కులు వేసేసుకోండి మేడమ్."

"నేనింకా ప్రశ్న పూర్తి చెయ్యలేదు బ్లెస్సీ."

"ఏదైనా ఐదేనండి. అందరూ మంచోళ్లే."

"హెప్సిబా గారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"నేనేం మాట్లాడట్లేదు కదండీ. పిల్ల బెదిరిపోద్దని నుంచున్నానంతే."

"మీరిక్కడుంటే అన్నిటికీ ఐదులే పడుతున్నాయి."

"అయ్యో, నేనేం నేర్పలేదండీ ఆ పిల్లకి. సరే, వెళ్తాను. బ్లెస్సీ, మేడమ్ గారికి ఉన్నదున్నట్టు చెప్పమ్మా. ఆదివారం చికెన్ పెడుతున్న సంగతి కూడా చెప్పు."

"చెప్తానండి."

"తలుపు దగ్గరికేసి వెళ్లండి... ఆఁ. ఇప్పుడు చెప్పు బ్లెస్సీ. నా పేరు ఉష. నేను పోలీసుల మనిషిని కాదు, పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే కమిటీ మనిషిని కూడా కాదు. నీలాంటి పిల్లల కోసం పోలీసులు, డాక్టరు, లాయరు, కౌన్సెలరు, కమిటీ అందరూ కలిసి పనిచెయ్యాలని ఒక పద్ధతి పెట్టారు కదా. అది సరిగ్గా నడుస్తోందా లేదా చూసి రాయడం నా పని."

"రాస్తే ఏమవుద్ది మేడమ్?"

"పైవాళ్లు చదువుతారు."

"చదివితే?"

"బాగాలేనివి బాగుచేస్తారు."

"ఎప్పటికండి?"

"అది... నా చేతుల్లో లేదమ్మా. ముందే చెప్తున్నా, స్కూలు ఆటోలో డ్రైవరు ఆమోసు ఏం చేశాడో నీ చేత మళ్లీ చెప్పించను. ఫైల్లో చదివాను."

"ఒక్కసారే చెప్పానండి నేను. ఒకే గదిలో. మిగతావాళ్లంతా అద్దం అవతల కూర్చుని విన్నారంట. మళ్లీ ఎవరూ అడగలేదు. దానికి మాత్రం నిజంగానే ఐదు వేసుకోండి."

"వేశాను. మరి ఐదు వెయ్యకూడనిది ఏది?"

"హెప్సిబా గారు తలుపవతలే ఉన్నారేమోనండి."

"ఆమె బయటే ఉన్నారు. వినపడదు."

"ఇంటికెళ్లడం మేడమ్."

"నిన్నిక్కడ ఎందుకు ఉంచారో చెప్పారా?"

"చెప్పారండి. మాది చల్లపల్లి అవతల పల్లెటూరు. ఆమోసు వాళ్లది మా ఎదురిల్లే. చిన్నప్పట్నుంచి బాబాయ్ అని పిలిచేదాన్ని. వాడు బెయిలు మీద వచ్చేసరికి, ఎదురుగా నేనుండకూడదన్నారు. ఓ వారం హోమ్‌లో ఉండమ్మా అన్నారు. అప్పుడింకా దీపావళి రాలేదు."

"ఇప్పుడు మామిడికాయలు కూడా వచ్చేశాయి."

"అవునండి. టెన్త్ పరీక్షలు కూడా అయిపోయినయి. మా క్లాసోళ్లంతా రాశారు."

"అతనక్కడే ఉన్నాడా?"

"ఎక్కడికెళ్తాడండి. స్కూలు పిల్లల్ని ఎక్కించుకోవట్లేదంట, మార్కెట్‌కి తిప్పుకుంటున్నాడంట. ఈస్టర్‌కి కొత్త చొక్కా వేసుకుని చర్చికొచ్చి ముందు వరసలో కూర్చున్నాడంట. మా అమ్మమ్మ అమలమ్మ చెప్పింది. వాడి ఇల్లు వాడికుంది. నాకే లేదు."

"మీ అమ్మగారు కమిటీకి వచ్చి అడగలేదా?"

"అడక్కపోవడమేంటండి. ఎదురిల్లేగా మీ అభ్యంతరం, ఆ ఊరే వదిలేస్తాను, నా పిల్లని నాకియ్యండి అంది. క్రిస్మస్‌కి ముందే మంగళగిరిలో మా పిన్ని వాళ్ల వీధిలో గది తీసుకుంది. మగ్గం పని నేర్చుకుంటంది."

"మంచి పని చేశారు."

"అదే తప్పయిపోయింది మేడమ్."

"ఎందుకు?"

"మా ఊరు ఒక జిల్లా. మంగళగిరి ఇంకో జిల్లా. ఈ హోమ్ ఉన్నది మూడో జిల్లా. అమ్మ మా ఊళ్లోనే ఇంకో వీధిలో గది తీసుకునుంటే ఎప్పుడో పంపేసేవాళ్లంట. కృష్ణ మీద వారధి దాటింది కదా, ఇప్పుడు అవతలి జిల్లావాళ్లు గది చూసి రాయాలంట. వాళ్లేమో కేసు మాది కాదు, మేమెందుకు చూడాలి అన్నారంట. మా జిల్లావాళ్లు పిల్ల మా దగ్గర లేదు కదా అన్నారంట. ఇక్కడోళ్లు ఆ రెండూ తేలితే మాదేముంది అంటారు."

"ఇలాంటివి తేల్చడానికేగా నెలకోసారి అందరూ కలిసి కూర్చునేది."

"కూర్చుంటారండి. అందరూ ఉంటేనే సంతకాలు. ఓసారి ఎస్సై గారికి దుర్గ గుడికొచ్చే భవానీల బందోబస్తు పడింది. ఇంకోసారి డాక్టరమ్మ రాలేదు. మొన్న అందరూ వచ్చారు, లాయరు గారు రాలేదు. ఒక్కరు తగ్గితే మళ్లీ వచ్చే నెలే."

"నాకు మాత్రం మీటింగులన్నీ జరిగాయని చెప్పారు."

"జరిగినయండి. పైన హాల్లోనే పెడతారు. టీలు నేనే ఇస్తాను."

"నువ్వా?"

"నేనూ ఇంకో అమ్మాయీ. నా ఫైలు వచ్చినప్పుడు ఖాళీ కప్పులు తీస్తున్నాను. పిల్ల ఇక్కడ క్షేమంగానే ఉంది కదా, తొందరేముంది అన్నారొకాయన. ఆ పిల్లని నేనేనని ఆయనకి తెలియదు. ఇంకొంచెం పంచదార అడిగారు. ఇచ్చాను."

"ఇక్కడ నిన్ను బాగా చూసుకుంటున్నారా?"

"తిండి బానే పెడతారు మేడమ్. ఎవరూ కొట్టరు, తిట్టరు. గేటే తియ్యరు. ఆదివారం చర్చిలో పూజయ్యాక అమ్మ వస్తది. ఒక గంట కూర్చుంటది. వెళ్లేటప్పుడు, నువ్వేం తప్పు చేశావని నిన్నిక్కడ పెట్టారే, అని ఏడుస్తది. ఏం చెప్పాలో తెలీదు నాకు. మంగళగిరి ఎంత దూరమండి ఇక్కణ్నించి? బస్సెక్కితే కునుకు పట్టేలోపే దిగిపోతాం కదా."

"నేను గట్టిగా రాస్తాను బ్లెస్సీ. మాటిస్తున్నాను."

"నా పేరు రాస్తారా?"

"రాయకూడదమ్మా. ఊరి పేరు కూడా రాయను. నీ క్షేమం కోసమే."

"మరి అది నా గురించేనని వాళ్లకెట్టా తెలుస్తది?"

"నీ ఒక్కదాని గురించి కాదు, నీలాంటి పిల్లలందరి గురించీ..."

"పోనీ ఇప్పుడు కమిటీ మేడమ్‌కి ఒక్క ఫోన్ చెయ్యరా? మీరు చెప్తే వింటారు. మీరొస్తున్నారనే కర్టెన్లు ఉతికించారు."

"చెయ్యకూడదు. నేను చూసి రాయాలే కానీ, మధ్యలో వేలు పెట్టకూడదు. పెడితే నేను రాసింది చెల్లదు."

"మీరు కూడా ఇరుక్కున్నారన్నమాట. బాధపడకండి మేడమ్. ఊరికే అన్నాను."

"తలుపు తీసినందుకు ఏమనుకోకండి. అయిపోయిందా అండీ? భోజనాల వేళయింది."

"ఇంకొక్క ఐదు నిమిషాలు హెప్సిబా గారూ. తలుపు వేసెయ్యండి... చెప్పమ్మా, ఇంకేమన్నా ఉందా?"

"ఒకటి అడగనాండి? నా పక్క మంచం శివపార్వతి మొన్న ఇంటికెళ్లిపోయింది. తన కేసులోవాడిది కూడా ఎదురిల్లే."

"ఆ పిల్ల ఫైలు కూడా చూశాను. కేసు మూసేశారు."

"ఎందుకు మూసేశారండి?"

"అసలేం జరగలేదని జడ్జి గారి ముందు చెప్పేసింది. కోపంలో అతని పేరు చెప్పానంది. అప్పుడప్పుడు అలా అవుతుంటాయి."

"అప్పుడింక జిల్లాలు, సంతకాలు, ఎవరో గది చూసి రావడం..."

"అవేవీ అక్కర్లేదు. కేసే లేకపోతే ఇక్కడ ఉంచాల్సిన పనే లేదు కదా. తల్లిని పిలిచి అప్పగించేస్తారు."

"ఎన్నాళ్లు పట్టుద్ది మేడమ్?"

"ఆ వారంలోనే పంపేసినట్టున్నారు. ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికేనండి. తను వెళ్లే రోజు చాలా ఏడ్చింది. ఇంటికెళ్తా ఏడుస్తదేంటా అనుకున్నాను."

"సరేనమ్మా. నేను అడగాల్సింది ఇంకొక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ ఇంతమంది నీ కోసం పనిచేశారు కదా. వాళ్లకి నువ్వేమన్నా చెప్పాలనుకుంటే చెప్పు. నీ మాటల్లోనే రాసుకుంటాను, ఒక్క అక్షరం మార్చను."

"నా మాటల్లోనేనా?"

"నీ మాటల్లోనే."

"అయితే రాసుకోండి మేడమ్. ఆమోసు బాబాయ్ నన్నేమీ చెయ్యలేదు."