ఆకుపచ్చ గుర్తు పక్కన లేని మాట

పదకొండేళ్ల క్రితం, జూన్ మూడున ఉదయం ఎనిమిదిన్నరకు మా నీటి సరఫరా కార్యాలయంలో నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగుతున్నాయి. గిడ్డంగి వెనుక వీధిలో పదిహేడు మంది వాంతులతో ఆసుపత్రిలో చేరారు. ఆ వీధి నీరు కలుషితమైందని ముందురోజే పరీక్షలో తేలింది. అయినా మా వెబ్‌సైటులో ఆ వీధి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది. అంటే తాగవచ్చని. ఆ పేజీని రూపొందించినవారు అప్పటికి సరిగ్గా పదేళ్ల ముందు, అదే జూన్ మూడున, ఇక్కడ ఉద్యోగంలో చేరారు. మేమంతా పెయింటరు గారని పిలుచుకునే ఆయనే ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ పిలుపు వేళాకోళం కాదు. పదిహేనేళ్ల వయసులోనే వారు మేనమామ గారి సైన్‌బోర్డుల దుకాణంలో కుంచె పట్టారు. వారు రాసిన అక్షరం వీధి చివరి నుంచి కూడా స్పష్టంగా కనిపించేది. ఒకసారి మాత్రం కూరగాయల దుకాణం బోర్డు మీద టమాటాలు ఆకుపచ్చగా, తొడిమలు ఎర్రగా వచ్చాయి. రంగు డబ్బాల మూతలు తారుమారయ్యాయి. దుకాణదారు బోర్డును తేరిపార చూసి, "పండేదాకా ఆగలేకపోయావా బాబూ?" అన్నాడట. మేనమామ నవ్వలేదు.

"అల్లుడూ, మూత మీద పేరు చూసి ముంచావా, రంగు చూసి ముంచావా?"

"పేరే మావయ్యా. ఎప్పుడూ అంతే."

ఎరుపు, ఆకుపచ్చ వారి కళ్ళకు ఒకేలా కనిపిస్తాయని ఇంట్లోవాళ్ళకు తెలిసింది ఆ రోజే.

తర్వాత యంత్రంపై అచ్చయ్యే బోర్డులు వచ్చి కుంచెలను మూలన పెట్టాయి. వారు కొంతకాలం పెళ్లిపత్రికలకు అంచులు గీశారు, కొంతకాలం బడిపిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశారు. చివరికి అద్దె కంప్యూటరు ముందు కూర్చుని, ఇతరుల వెబ్‌పేజీల వెనుక రాతను ఒక్కొక్క వరుసే విప్పుకుంటూ, గురువు లేకుండానే ఆ విద్య నేర్చుకున్నారు. అక్కడ ప్రతి రంగుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ డబ్బాలకు మూతలు మారవని వారు సంబరంగా చెప్పేవారు. అయినా సంఖ్యనూ పూర్తిగా నమ్మలేదు. మా పేజీలో ప్రతి గుర్తు పక్కనా "తాగవచ్చు" లేదా "తాగరాదు" అన్న మాట ఉండి తీరాలన్నది వారి పట్టుదల.

ఆ జూన్ మూడున ఆ మాటలు లేవు. ఫోన్ తెరమీద ఇరుకుగా ఉన్నాయని ముందురోజు సాయంత్రం ఎవరో తీసేశారు. కానీ విచారణ అంతదూరం పోలేదు.

"మీకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదటగా?" అని ముఖ్య ఇంజనీరు గారు అడిగారు.

"తెలియదండి."

"మరి ఈ తప్పు మీది కాదని చెప్పగలరా?"

"చూసి చెప్పలేను కదండీ. నేనే చేసి ఉంటాను."

అంతటితో దస్త్రం మూసేశారు. పదిహేడు మందీ కోలుకున్నారు. పెయింటరు గారు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కో గడపా ఎక్కి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ పేజీని వేరొకరికి అప్పగించారు. ఈ పదకొండేళ్లలో మా దరఖాస్తులనూ రసీదులనూ కళ్ళజోడు లేని వృద్ధులు సైతం చదవగలిగేలా తీర్చిదిద్దిన వారే, రంగు ఎంచుకోవలసిన ప్రతిసారీ పక్కవాళ్ళ వైపు చూశారు.

ఈ వీడ్కోలు సంచికకు ఫొటోలు ఇవ్వడానికి వచ్చిన పెయింటరు గారి అమ్మాయి పోయిన వారం నన్నొక మాట కోరింది. "ఆ నీళ్ళ సంగతి మాత్రం రాయకండి అంకుల్. అది తలుచుకుంటే నాన్నకు ఇప్పటికీ నిద్ర పట్టదు."

అందుకే రాశాను తల్లీ. అందుకే ఈ వ్యాసాన్ని వీడ్కోలు సభలో నేనే చదువుతానని అడిగి తీసుకున్నాను.

పెయింటరు గారూ, మీరు ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో, మీకు నచ్చిన రంగు మీరే ఎంచుకుంటూ చిరకాలం ఉండాలి. మీ కళ్ళు ఆ రోజు ఏ తప్పూ చేయలేదు. అప్పట్లో పరీక్ష ఫలితాలను పేజీలోకి ఎక్కించే గుమాస్తాను నేను. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. ఇరుకుగా ఉన్నాయని ఆ మాటలు తీసేసింది నేను. తొందరలో వరుస తప్పి, ఆ వీధికి ఆకుపచ్చ గుర్తు పెట్టిందీ నేనే.