మూడు టన్నుల పిన్ను

హైందవీ, ఓ హైందవీ. ఈడ బిడ్డా, ఈడ. మెట్రో పిల్లర్ దాటి పోతున్నవేంది, నేనే కిషన్‌ను. ఎన్కనుంచే గుర్తుపట్టిన. మీ తాత అమరేశ్వరరావు సారు గూడ గట్లనే తల వంచుకోని నడుస్తుండె, నేల మీద ఏదో లెక్క రాసున్నట్టు. కూసో. ఆ స్టూలు జర ఊగుతది, గోడకు ఆనించు. మీ అమ్మ పద్మమ్మ పొద్దున ఫోన్ చేసింది. "కిషన్ గారూ, మా అమ్మాయి డిప్లొమా చదువుతోందండీ, వాళ్ళ తాతయ్య నోటుబుక్కు పట్టుకుని మీ దగ్గరికొస్తానంటోంది, కాస్త ఓపిక చేసుకుని చెప్పండి" అన్నది. ఓపికనా. ఉన్నకాడికి చెప్త. గా బుక్కు అట్ట చూపియ్యకు, నాకెర్కనే. మూలకు గ్రీజు మరక ఉంటది. గది నా బొటనేలుదే. చాయ్ తాగుతవా? వద్దా. నాకూ వద్దు, పొద్దటి సంది మూడైనయ్, డాక్టరు ఒకటే అన్నడు.

ఇప్పుడు గీ షటర్ల బట్టలమ్ముతున్నరు గని, అప్పుడిది ప్రెస్సు. నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీ దాంక పెండ్లి కార్డులంటే ఈడికే వస్తుండ్రి. నేను మిషన్లు చూసుకునేటోన్ని, మీ తాత మా అందరి మీద సూపర్‌వైజరు. ఆయన పోయి ఇరవై రెండేండ్లాయె, నువ్వు పుట్టనే లేవు. గుడివాడ దిక్కు మనిషి, మాటల చివర్ల ఒక 'అయ్యా' ఉండాల్సిందే. "ఏమయ్యా కిషన్, లేదయ్యా కిషన్." నా పెండ్లికొచ్చి మా అత్తగారిని గూడ "ఏమయ్యా" అన్నడు, ఆమె నెల దినాలు నవ్వింది. ఏం చెప్తున్న... ఆఁ, కాగితం కోసే మిషన్. పొడుగు కత్తి పైనుంచి దిగి కట్టకు కట్ట ఒక్క దెబ్బకు కోస్తది. కత్తిని కిందికి గుంజే ఇనుప చెయ్యికీ, చక్రానికీ నడిమిట్ల ఒక పిన్ను ఉంటది, చిటికెనేలంత. కాగితాల ఏదన్న గట్టిది అడ్డమొచ్చిందనుకో, ముందు పిన్ను తెగాలె, కత్తి ఆడ్నే ఆగాలె. గదే దాని నౌకరి. సారు కొత్త పిన్నును అరచేతిల పెట్టుకోని దానితోని మాట్లాడుతుండె: "నువ్వు తెగడానికే పుట్టావయ్యా, సిగ్గుపడకు."

కంపెనీ పిన్నులు బయటి దేశం నుంచి రావాలె, ఎంత రాసినా రావు. ఇగ మీ తాతే లెక్క గట్టిండు. నాకు చదువు లేదు, అయినా కూసోబెట్టి చెప్పిండు. "ఇదుగో కిషన్, ఎనిమిది మిల్లీమీటర్ల పిన్ను. అడ్డంగా కోస్తే దాని ముఖం యాభై చదరపు మిల్లీమీటర్లు. ఇది ఒక్కచోట తెగదయ్యా, రెండుచోట్ల తెగాలి, అంచేత వంద. మనం వాడే మెత్త ఇనుము ఒక్కో చదరపు మిల్లీమీటరుకి ముప్ఫై కిలోలు ఆపుతుంది. వందా ముప్ఫైలు? మూడు వేలు. మూడు టన్నులు దాటిందా, ఇది పోతుంది, మన చేతులు మిగుల్తాయి." నీ పుస్తకంల గూడ గంతేనా? ఔ, గంతే ఉంటది. నాకు ఇప్పటికీ నోటికొస్తది, మనుమల పేర్లు మర్చిపోత గని.

ఆ యేడు మాఘంల ముహూర్తాలు మస్తుండె. వారంల నాలుగుసార్లు తెగింది పిన్ను. తెగినప్పుడల్లా నేను నాంపల్లి స్టేషన్ ఎన్క ఇనుము చెక్కే లేత్ మిషన్ కాడికి పోవాలె, లైన్ల నిలబడాలె, తయారు చేయించుకోని ఉరికి రావాలె. ప్రెస్సు ఓనరు సేటు గల్లపెట్టె కాడినుంచే, "క్యా కిషన్, ఫిర్ టూటా?" మల్ల తెగిందా అని నవ్వుకుంటనే అడుగుతుండె, ఆ నవ్వు తిట్టు కన్న పాడు. సారేమో, "పిన్ను తప్పు కాదయ్యా, కత్తి మొద్దుబారింది, సాన పట్టించండి" అని మొత్తుకున్నడు. సీజన్ల కత్తి ఎవరిప్పుతరు బిడ్డా.

శుక్రవారం నాడు కట్టల నడుమ ఇనుప బద్ద ఉండిపోయింది, కాగితం బండిలుకు చుట్టి వచ్చేది. కత్తి దాని మీద దిగింది. పిన్ను తెగలే. ఇనుప చెయ్యే పగిలింది, ఆ తునక పోయి సారు కుడిచెయ్యి మీద పడ్డది. దవాఖానల రెండు వేళ్ళు తీసేసిన్రు, మిగిలినయ్ మడువనొస్తలేకుండె. సేటు అందరి ముంగట అన్నడు, "లెక్క మీదే గదా రావుగారూ." సారు కట్టు చెయ్యి గుండెకు పెట్టుకోని, "నాదేనండీ" అన్నడు. గంతే, మల్ల ప్రెస్సు మెట్లెక్కలే.

నేను పోతుండె ఇంటికి. ఎడమచేత్తోని రాసుడు నేర్చుకున్నడు, చిన్నపోరల లెక్క వంకర టింకర. అదే లెక్క, మల్ల అదే లెక్క. నీ బుక్కుల సగం నుంచి గదే ఉంటది, ఎన్నిసార్లు రాసిండు? నలభై ఒకటా. నేను లెక్కబెట్టలే. "ఎక్కడో తప్పానయ్యా కిషన్, దొరకట్లేదు" అంటుండె. ఒకసారి అడిగిండు, "ఆ రోజు పిన్ను ఏమైందయ్యా? చూస్తే తెలిసేది." ఎక్కడనో పడ్డది సార్ అన్న. తలూపిండు. నమ్మిండు. పోయే ముందట గూడ దుప్పటి మీద వేలితోని గుండ్రంగ గీస్తుండెనంట, మీ అమ్మ చెప్పింది.

ఏందీ? మీ కాలేజీ సారు చూసి లెక్క కరెక్టే అన్నడా. నువ్వు గూడ చేసి చూసినవా. ఔ బిడ్డా. ఔ. ఆగు, జర ఆ రైలు చప్పుడు పోనీ.

ఇగో, చెయ్యి పట్టు, గా నాటి పిన్ను. బరువున్నదా? ఎనిమిది మిల్లీమీటర్లే, కొలుచుకో. మెత్త ఇనుము కాదు. ఇనుముకు బొక్కలేసే డ్రిల్లు తెగితే మిగిలిన తోక, గట్టి ఉక్కు, మూడు కాదు, ఎన్ని టన్నులైనా ఆపుతది. గురువారం సాయంత్రం లేత్ కాడికి మల్ల నడువ చాతగాక... అందరు సారును దవాఖానకు తీస్కపోయినప్పుడు నేనే ఊడపీకి జేబుల ఏస్కున్న. పెట్టింది గూడ నేనే.