ఢాకా బిడ్డ గది

వేలూరు ఆసుపత్రి వెనుక వీధిలో రోగులకు గదులు అద్దెకిచ్చే చెల్లెలి ఇంటికి గుడియాత్తం నుండి అన్న వచ్చాడు.

“మూడో గదికి ఇంకా తాళమేనా? ఎవరికైనా ఇయ్యమ్మా.”

“అది ఢాకా బిడ్డదన్నా. గుండెకు రెండో ఆపరేషన్ చేస్తాం, చైత్రంలో రమ్మని డాక్టర్లు చెప్పినారు. మనోళ్ళు వీసా ఇయ్యలేదు.”

“రెండు దేశాలకూ పడలేదు గదా. మనమిప్పుడు లోకంలో పెద్ద రాజ్యం తల్లీ, అన్నీ ఆలోచించాల.”

“మహాభారత యుద్ధంలో కూడా పొద్దుగూకితే గాయాలకు కట్లు కట్టనిస్తా ఉండిరని నువ్వే గదా చదివి చెప్పినావు?”

“బిడ్డ ఎట్లుండాది?”

“‘అవ్వా, నా గది ఎవరికీ ఇయ్యొద్దు’ అని వారం వారం ఫోన్ చేస్తా ఉండె. సోమవారం వాళ్ళమ్మ చేసింది. బిడ్డ ఇంక లేదన్నా.”

“అయ్యో శివా! మరి ఈ తాళం ఎవరి కోసమమ్మా?”

“ఇయ్యనని మాటిచ్చినానన్నా.”