నాలుగో కప్పు

నార్వే ఉత్తర తీరంలో ఓ చిన్న రేవు. ముసురు. కట్టేసిన పడవ మీద ఇద్దరు ముసలి స్నేహితులు కూర్చున్నారు. మూడోవాడు లోపల, చుక్కాని గదిలో ఉన్నాడు.

“ఇంగ్వార్ మళ్ళీ నాలుగు కప్పుల్లో కాఫీ పోశాడ్రా.”

“చూశా. అన్ని కప్పులూ ఖాళీ అయ్యేదాకా తాడు విప్పనివ్వడు. పడవ వాడిది, పద్ధతీ వాడిదే.”

“ఆస్లాక్ ఇంకా రాలేదేంటని అడుగుతున్నాడు. ఆస్లాక్ పోయిన చలికాలమే చచ్చిపోయాడని చెప్పరా.”

“నిన్న చెప్పాగా. అప్పుడే విన్నట్టు వెక్కి వెక్కి ఏడ్చాడు. మొన్నా అంతే. ఇక నా వల్ల కాదు.”

“మరి ఇక్కడే నానుతూ కూర్చుందామా?”

“ఆ కప్పు ఇటివ్వు.”

“చల్లారిపోయిందిరా.”

“పోనీలే... ఒరేయ్ ఇంగ్వార్! ఆస్లాక్ కాఫీ తాగేశాడు. తాడు విప్పమంటున్నాడు!”