సింగూరు దాటే సున్నం

రామ్‌కిషన్ ఆటోకు జహీరాబాద్‌లో మాటల బండి అని పేరు. ఎక్కినవాళ్లు దిగేదాకా నోరు మూయడు. ఇవాళ మాత్రం అతను అడగాల్సిన మాట ఒక్కటే ఉంది, అది తప్ప అన్నీ అడుగుతున్నాడు పాపం. రాయికోడ్ అవతల, మంజీర ఒడ్డు. ఆటోను రోజంతా కిరాయికి మాట్లాడుకున్న పిల్ల పేరు గ్లోరీ, కాకినాడ అమ్మాయి. సముద్రం అడుగున బురద తీసి, అది ఏ ఏరు తెచ్చిందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం.

"గంత పెద్ద సముద్రం పెట్టుకొని, మా బురదకోసం ఈడిదాంక ఒచ్చినవా బిడ్డా?"

"మీ బురదే అక్కడుంది బాబాయ్. అవునో కాదో పోల్చి చూద్దామని వచ్చాను."

"మాదా? మా రేగడా?"

"మీదే అనుకుంటున్నాం. గోదారి సముద్రంలో కలిసేచోట ఓడ మీంచి పొడుగాటి గొట్టం దింపుతాం. అడుగు బురద చెరుకుగడలా పైకొస్తుంది. అందులో మీ వైపు నల్లమట్టి ఆనవాళ్లు కనిపిస్తాయి. మంజీర గోదాట్లో కలుస్తుందిగా."

"బీదరు దిక్కుకెళ్లి ఒస్తదని ఎరుక, సింగూరుకు పోతదని ఎరుక. ఆపైన మాకు సోయి లేదు. అగో, పైలం! గా పక్కకు దిగకు, మోకాలు దాంక దిగబడ్తవ్."

"అలవాటే బాబాయ్. ఈ సీసాలు ఆటోలో పెట్టేస్తాను. మీ సీటు పక్కన మూట ఉంది కదా, దాని దగ్గర..."

"ఆఁ ఆఁ! దాన్ని ముట్టకు బిడ్డా. ఎన్కకు పెట్టు, ఎన్కకు."

"పొద్దున్న కూడా ఇలాగే అరిచారు. పగిలే సామానా?"

"పగిలేదే. ఇడిసిపెట్టు. ఛాయ్ తాగుతవా? ఫ్లాస్కుల ఉన్నది."

"ఇవ్వండి. అబ్బ, గ్లాసులు కూడా రెండు తెచ్చారే!"

"ఎప్పటికి రెండే ఉంటయి."

"ఇంకో మాట. దారంతా ఎవరితో మాట్లాడుతూ వచ్చారు? నాతోనే అనుకుని నేను ఊఁ కొడుతున్నాను."

"నాకు నేనే. దినాం ఇంతే, ఆదతైంది. బిడ్డా, ఒకటి అడుగుత, నవ్వద్దు మల్ల."

"అడగండి."

"సముద్రం నీళ్లు నిజంగ ఉప్పగనే ఉంటయా?"

"ఇదా! ఉప్పే బాబాయ్. వానాకాలంలో గోదారి పొంగినప్పుడు మాత్రం ఏటి నీరు పైపైన పరుచుకుంటుంది. కింద ఉప్పు, పైన చప్పిడి. పాల మీద మీగడ కట్టినట్టు."

"అబ్బో, గట్లనా! నేను అడుగుదామనుకున్నది గది గాదు గని..."

"మరేది?"

"శోభ అడుగుతుండె ఎప్పటికి. ఉప్పుంటదా, ఎంత లోతుంటది, అవతలి ఒడ్డు కనవడ్తదా అని."

"శోభ ఎవరు?"

"మా ఇంటామె. శోభారాణి. సముద్రం చూడాలె, సముద్రం చూడాలె, ఒకటే పాట. కాకినాడ రైలు మా టేషన్ల ఆగుతది గద. అది కూత పెట్టినప్పుడల్లా 'ఎక్కుదమా, ఎక్కుదమా' అని నా పానం తీస్తుండె."

"ఈసారి ఎక్కేయండి ఇద్దరూ. మా ఇంట్లోనే దిగండి. నేనే చూపిస్తాను."

"లేదు బిడ్డా."

"ఏం, రానంటారా?"

"లేదంటున్న గద. మనిషే లేదు. దవాఖానల చుట్టు తిప్పిన. రెండు వానకాలాలాయె."

"అయ్యో... నాకు తెలీదు బాబాయ్."

"నీకెట్ల తెలుస్తది. తాగు, ఛాయ్ సల్లగైతది."

"పిల్లలు?"

"లేరు. ఇద్దరమే. ఆమె ఒర్రుడు, నేను ఒర్రుడు, ఇల్లంత జాతరనే. ఇప్పుడు గోడ మీద బల్లి సప్పుడు గూడ ఇనవడ్తది."

"గ్లాసు ఇటివ్వండి బాబాయ్, మీకూ ఛాయ్ పోస్తాను."

"మా దిక్కు కాలవెట్టినంక మూడోదినం బొక్కలేరుతరు, అస్తికలంటరు గద. ముంతల ఏసి, బట్ట కడ్తరు. గా ముంత ఇంట్లకు తేవద్దు, బయట చెట్టుకు కట్టాలె. ఎన్కనే గంగల కలపాలె. మాకు ఏ ఏరైనా గంగనే. నేను ఈడికే పట్కొచ్చిన. గా రాయి కనవడ్తుందా, గాడిదాంక."

"మంచి చోటే బాబాయ్."

"పోయేముంగట ఏమన్నదో ఎరుకనా? 'రైలైతే ఎక్కియ్యకపోతివి. గంగలనన్న ఎయ్యి, సముద్రానికి నేనే పోత' అన్నది. గప్పుడు గూడ మజాకే ఆమెకు! నేను సరే అన్న. చేతిల చెయ్యేసి మాటిచ్చిన."

"మాట నిలబెట్టుకున్నారుగా."

"ఇగ నువ్వు చెప్పు. ఓడల మీద తిరిగినదానివి, చదువుకున్నదానివి. గంగల ఏసింది సముద్రం దాంక పోతదా?"

"బాబాయ్..."

"జర నిజమే చెప్పు. నన్ను చూసి చెప్పద్దు."

"బరువైనవి పోవండి. కింద సింగూరు ఆనకట్ట ఉందా, అక్కడ నీళ్లు నిలబడతాయి. నిలబడితే తెచ్చిన మట్టీ ఇసుకా అన్నీ అడుక్కి దిగిపోతాయి. అందుకే సముద్రానికి మునుపటంత బురద రావడం లేదు. మా గొట్టాల్లో కూడా అది తెలుస్తోంది."

"సింగూరులనే ఆగిపోతదా?"

"చాలావరకు అక్కడే."

"అంటే ఏసినా పోదన్నట్టు!"

"బాధపడకండి..."

"బాధెందుకు? పోదు గద? ఖాయమేనా? మల్లోసారి చెప్పు."

"ఏంటి బాబాయ్, నవ్వుతున్నారా? ఏడుస్తున్నారా?"

"ఏం లేదు, కండ్లల్ల దుమ్ము. నువ్వు చెప్పు. పోదు, అంతేనా?"

"ఆగండి, నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. ఛాయ్ వడగడతాం. ఆకు జల్లెడలో ఆగుతుంది. తీపి ఆగుతుందా?"

"ఆగదు."

"ఇదీ అంతే. మట్టి ఆగుతుంది, నీళ్లలో కరిగింది ఆగదు. ఎముకలో ఎక్కువ భాగం సున్నం లాంటిదే. కొంచెం కొంచెంగా కరుగుతుంది. గేట్లు ఎత్తినప్పుడు నీళ్లతోపాటే సింగూరు దాటుతుంది, గోదాట్లో పడుతుంది, సముద్రం చేరుతుంది. ఏళ్లు పట్టొచ్చు. అక్కడ గవ్వలు, ఆల్చిప్పలు నదులు తెచ్చిన సున్నంతోనే పెంకులు కట్టుకుంటాయి తెలుసా?"

"కరిగి... పోతదా?"

"పోతుంది. శోభమ్మగారు సముద్రం చూస్తారు, నా మాట నమ్మండి."

"ఊఁ."

"సంతోషంగా లేదా బాబాయ్?"

"సంతోషమే. ఎందుకు గాదు. గని బిడ్డా, గాడ కలిసినంక గిది మా శోభ అని మీ మిషన్ల దొర్కుతదా?"

"లేదండి. ఏ నేల మట్టో చెప్పగలం. ఏ మనిషో మాత్రం సముద్రానికే తెలీదు."

"గట్లనే అనుకున్న. మీరు కిరస్తానమోళ్లు గద?"

"అవును."

"మీరు మట్టిల పెడ్తరు."

"మా అమ్మ చర్చి వెనకే ఉంది. ఓడ దిగగానే నేను ముందు అక్కడికే పోతాను. గది తాళం తీస్తే పలకరించే దిక్కు లేదు నాకూ. అమ్మ దగ్గర కాసేపు కూర్చుంటాను."

"మాట్లాడ్తవా?"

"మాట్లాడతాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని."

"చూసుకునుడెందుకు, మాట్లాడు. పోయి కూసునేతందుకు నీకొక జాగన్న ఉన్నది. గంగల కలిపినోళ్లకు ఏముంటది చెప్పు? పొద్దుమీకి ఇంటికి పోవాల్నంటే భయమైతది బిడ్డా. ఇంత ముసలోన్ని, నాకు సిగ్గు లేదు చెప్పనీకె. భయమైతది."

"ఈ ఒడ్డుకు వస్తూ ఉండండి బాబాయ్. ఇదీ జాగానే కదా."

"ఒస్త. రాయికోడ్ గిరాకీ తగిలినప్పుడల్లా ఒస్త. గా రాయి మీద కూసుంట. నీళ్లల్లకు దిగుత, మల్ల ఎన్కకే ఒస్త. వాపస్ పోత."

"దిగి వెనక్కి రావడమెందుకు?"

"పొద్దు వంగుతున్నది. నీ సామాను సదురుకో."

"వెనకంతా సీసాలతో నిండిపోయింది. ఈ బురద డబ్బా ఒక్కటే మిగిలింది. ఆ మూట కాస్త జరిపితే మీ పక్కన పడుతుంది. వద్దంటే ఒళ్లో పెట్టుకుంటాను."

"నువ్వు పోదంటవేమో అని ఆశపడ్డ బిడ్డా. ఏసినా పోదంటే, నా కాడ ఉంచుకుంటే ఏం తప్పు అనుకున్న. జర అబద్ధమన్న చెప్పకపోతివి."

"ఉంచుకోవడమేంటి? ఆ రోజు ఆ రాయి దాకా తెచ్చానన్నారు కదా. తెచ్చి..."

"తెచ్చిన. తెచ్చిన అన్న గని, ఇడిసిన అన్ననా?"

"మరి ఇంట్లోకి తేకూడదన్నారు!"

"ఇంట్లకు తేవద్దన్నరు. బండ్ల పెట్టద్దని ఎవ్వరు చెప్పలే."

"బాబాయ్..."

"తే, గా డబ్బా ఇటియ్యి. శోభా, జర జరుగు. సముద్రం దిక్కుకెళ్లి బిడ్డొచ్చింది, సామాను పెట్టుకుంటదట."