ఎడమ మూల

ఒక షెడ్డులో పాత కారు ముందు అద్దం ఊడదీసి దుప్పటి మీద పడుకోబెట్టారు. అద్దాలు బిగించే పెద్దాయన, ఆయన అన్న కూతురు. బయట ముసురు.

"అద్దానికేం కాలేదు. రబ్బరే చచ్చిపోయింది. ఇదిగో, వేలితో నొక్కితే బిస్కెట్టులా విరుగుతోంది."

"రబ్బరు మార్చేస్తే కారడం ఆగిపోతుందా బాబాయ్?"

"ఎన్నేళ్ళ నుంచి కారుతోంది?"

"చాలా ఏళ్ళయింది. వానొస్తే చాలు, ఎడమ సీటు ముందు కాళ్ళ దగ్గర మడుగే. నాన్న అక్కడొక పాత తువ్వాలు పరిచి ఉంచేవాడు. పిండడం, ఆరెయ్యడం, మళ్ళీ పరవడం. అమ్మ ఎంత పోరినా ఏ షెడ్డుకీ తీసుకెళ్ళలేదు."

"తీసుకెళ్ళడు."

"మీకెలా తెలుసు? మీరిద్దరూ అసలు మాట్లాడుకుంటే కదా."

"మీరేంటి కొత్తగా? చిన్నప్పుడు నువ్వు అనేదానివి."

"పంతొమ్మిదేళ్ళయింది. నాన్న పోయాడని కబురు పంపినా గుమ్మం తొక్కలేదు. నువ్వు అనడానికి నోరు రావడం లేదు."

"ఆ గరుకు కాగితం ఇలా ఇయ్యి. అంచంతా తుప్పు."

"కావాలనే మాట మారుస్తున్నారు."

"నువ్వు మాత్రం? డ్రైవర్ని పెట్టుకుని తెచ్చావెందుకు? నీకు నడపడం నేర్పింది నేను. ఇదే కారు మీద. వారం తిరక్కుండా రివర్సు కూడా పట్టేశావు."

"నేను నడపను."

"మర్చిపోయావా?"

"నడపను బాబాయ్. అంతే."

"సరే. ఇటు రా. ఈ ఎడమ మూల చెయ్యి పెట్టి చూడు. మెల్లిగా, రేకు కోసుకుంటుంది. ఏం తగులుతోంది?"

"లోపలికి వంగినట్టుంది."

"వంగింది. అంచు నొక్కుకుపోయింది. అలాంటి చోట ఎంత కొత్త రబ్బరు వేసినా కూర్చోదు, నీళ్ళు దారి చేసుకుంటాయి. దాన్ని ముందు సుత్తితో సరిచెయ్యాలి, ఆ తర్వాత అద్దం. నాకది తెలుసు. తెలిసే ఆ రోజు అలాగే బిగించి పంపేశాను."

"మీరా బిగించింది?"

"మరెవరు? పొద్దున్న అయిదున్నరకి తెచ్చి నిలబెట్టాడు మీ నాన్న. ఇలాంటి ముసురే. అద్దం సాలెగూడులా పగిలిపోయి ఉంది. చెట్టు కొమ్మ పడిందిరా, ఎనిమిదింటికల్లా కావాలి అన్నాడు. సొంత అన్నయ్య. కాదంటానా? తడి రబ్బరు మీదే అద్దం ఎక్కించాను."

"ఈ తాడేం చెయ్యాలి?"

"రబ్బరు గాడిలో చుట్టూ పెట్టు. తర్వాత నేను బయట నుంచి అద్దం నొక్కుతాను, నువ్వు లోపల కూర్చుని తాడు లాగుతూ ఉండు. తాడు వచ్చినకొద్దీ రబ్బరు అంచు మీదికి ఎక్కుతుంది. ముందు ఈ మూల సరి చెయ్యనీ. కొమ్మ పడితే ఇలా వంగదమ్మా. కొమ్మ పై నుంచి పడుతుంది. ఇది ముందు నుంచి తగిలిన దెబ్బ."

"ఇప్పుడవన్నీ ఎందుకు? నాన్న లేడు కదా."

"లేడు కాబట్టే. నేనెందుకు మాట్లాడ్డం మానేశానో ఏం చెప్పాడు మీకు?"

"ఏదో మాటా మాటా పెరిగిందన్నాడు."

"మాటలేం పెరగలేదు. వైపరు సందులో గుండీ దొరికింది నాకు. దాంతో పాటు చొక్కా పీలిక. మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర విన్నాను. బేకరీలో పనిచేసే మనిషట, తెల్లారుజామున సైకిలేసుకుని డ్యూటీకి వెళ్తుంటే కారు గుద్దేసింది. ఎవరో ఆస్పత్రి మెట్ల మీద దించేసి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారట. తిన్నగా మీ ఇంటికొచ్చాను. మీ నాన్న గేటు దగ్గరే ఆపేశాడు. నేనే గుద్దాను, ఇంకేం అడక్కు అన్నాడు. కళ్ళలోకి చూసి చెప్పాడు. ఆ గుండీ ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను."

"పోలీసులకి చెప్పలేదేం?"

"ఎలా చెప్తాను? అద్దం మార్చిన చేతులు నావి. అన్నయ్యని పట్టివ్వలేకపోయాను, క్షమించనూలేకపోయాను. ఏడాదికోసారి ఇక్కడికొచ్చి ఆ గుమ్మంలో నిలబడేవాడు. ఒరే అనేవాడు. నేను చూడనట్టు గ్రైండరు ఆన్ చేసేవాణ్ణి."

"ఎందుకంత కోపం? తప్పే. కానీ దించింది ఆస్పత్రిలోనే కదా. కట్టు కట్టారు, నయమైంది."

"ఎవరికి నయమైంది?"

"ఆ బేకరీ ఆయనకి. కాలు విరిగింది. అంతే కదా."

"ఆయన మర్నాడు మధ్యాహ్నమే పోయాడమ్మా."

"ఎవరు?"

"ఎవరేంటి? ఆ మనిషే. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆ పిల్ల పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పిల్లా జెల్లా కూడా లేరు."

"కాదు బాబాయ్. నువ్వు ఇంకెవరి గురించో విన్నావు."

"శవాన్ని తీసుకెళ్తుంటే రోడ్డు ఇవతల నిలబడి చూశాను నేను."

"కాలే విరిగింది. స్పృహలో ఉన్నాడు. నీళ్ళడిగాడు. సైకిలు ఎవరైనా ఎత్తుకుపోతారేమో, తాళం వెయ్యండి అన్నాడు. చచ్చిపోయేవాడు సైకిలు గురించి అడుగుతాడా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"తాడు కింద పెట్టు. ఇటు చూడు. ఆయన నీళ్ళడిగాడని నీకెలా తెలుసు?"

"వెనక సీట్లో ఆయన తల నాన్న ఒళ్ళో ఉంది. నాన్న వెనక నుంచి చెప్తున్నాడు, కంగారు పడకు, మూడో గేరులోనే పోనీ అని."

"అంటే ఆస్పత్రికి నువ్వు..."

"ఆస్పత్రికే కాదు. ముందు నుంచీ. పరీక్షలైపోయాయి, ఇవాళ రోడ్డు మీద నడుపుతానని నేనే నాన్నని నిద్రలేపి తీసుకెళ్ళాను. నాన్న ఎడమ సీట్లో కూర్చున్నాడు. బ్రేకు, బ్రేకు అని అరిచాడు."

"దేవుడా. నీకు పదిహేడేళ్ళు."

"నాన్న నాకు చెప్పాడు బాబాయ్, ఆయన బతికాడని."

"అన్నయ్య ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు ఒక్క మాట. ఒక్క మాట నాతో అనుంటే..."

"నెల తిరక్కుండా కట్టు విప్పారన్నాడు. కొంచెం కుంటుతున్నాడన్నాడు. తర్వాత సొంతంగా చిన్న బేకరీ పెట్టుకున్నాడన్నాడు. నేను వచ్చి చూస్తానంటే, నిన్ను చూస్తే పాపం ఆయనకి అదంతా గుర్తొస్తుంది, వద్దులే అనేవాడు. నాకు నిద్ర పట్టనప్పుడల్లా అడిగేదాన్ని. విసుక్కోకుండా చెప్పేవాడు."

"కూర్చో. ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు. నేను నోరు మూసుకుని అద్దం బిగించి ఉండాల్సింది."

"ఆస్పత్రిలో ఆఖరి రోజున కూడా నాన్నని అడిగాను. గొట్టం తీయించుకుని మరీ చెప్పాడు, ఆయన కూతురు ఈ ఏడే కాలేజీలో చేరిందని."