నాలుగో తరగతి రాక్షసి

హలో… ఔ, నేనే, వసుమతిని.

ఎవలు?… విద్యావతి టీచరా. నమస్తే టీచర్. ఏడో తరగతిల మీ దగ్గరనే సదివిన.

…

ఔ, మన నాంపల్లి బడికి ఇప్పుడు మీరే పెద్ద టీచరని తెలిసే అర్జీ పెట్టిన. డ్రాయింగ్ టీచర్ నౌకరికి.

…

లేదు, ఇది ఇంటి ఫోన్ గాదు. ఆబిడ్స్‌ల అంజయ్య గారి ప్రెస్సుది. గీడనే కూసోని బొమ్మలేస్త… జీతానికి గాదు టీచర్, ఎవలు అడిగితే వాళ్లకు.

…

ఆర్ట్ కాలేజీల ఐదేండ్లు. మా నాయనేమో టైపు నేర్చుకొమ్మన్నడు. పోయిన. మిషన్ బొమ్మ మంచిగొచ్చింది, టైపు రాలే. ఈ నెలల పక్కా నౌకరి దొరకకుంటే మళ్ల టైపుకే తోలుతడట. గందుకే—

…

ఏమేం ఏసిన్నా? పెండ్లి పత్రికలు, సబ్బు డబ్బాలు, సినిమా టాకీసుల స్లైడ్లు… నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల మనిషంత వంకాయ బొమ్మ చూసిన్రా? నాదే.

…గుమ్మడికాయ గాదు టీచర్. వంకాయే. ఊదా రంగు అయిపోయింది.

…

బషీర్‌బాగ్‌ల టైలర్ బోర్డా? ఔ, అదీ నాదే. అందుల మనిషి మెడ జర పొడుగైంది.

…ఔ, జర గాదు, బాగనే.

…

పండ్ల డాక్టర్ దగ్గరి పటమా. నోట్ల పండ్లు లెక్కవెట్టిన్రా?… ముప్పై నాలుగా. రెండు ఎక్కువొచ్చినయి.

…

నాలుగో తరగతి తెలుగు వాచకమా… అందుల కొన్ని బొమ్మలు నావే.

…

నలభై మూడో పేజీ.

…

రాక్షసి. ఔ.

…

కండ్లద్దాలా… రాక్షసులకు గూడ చూపు తగ్గుతది గద టీచర్.

…

కొప్పుల పెన్సిల్. ఔ. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. అదీ ఔ.

…

కావాలని ఏయలే టీచర్, ఒట్టు. ఒక్క గంట లోపల బొమ్మ గావాలన్నరు. భయపెట్టే మొఖం ఒకటి యాదికి రావాలని కండ్లు మూసుకున్న. మీరొచ్చిన్రు.

…

హలో… టీచర్, ఉన్నరా?

…

ఏడుస్తున్నరా?… అంజయ్య గారూ, జర మిషన్ బంద్ చెయ్యిన్రి, ఏం ఇనవడ్తలేదు… ఆ, చెప్పున్రి టీచర్.

…నవ్వుతున్నరా.

…

బడి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చూసిండా. తర్వాత?… మిమ్మల్ని చూసిండు. తర్వాత?… ఏం చూడకుండనే పోయిండా.

…

అయితే నౌకరి… సోమవారం సంది రావాల్నా? నిజంగనా టీచర్?

…

షరతేంది?… బడి గోడ మీద టీచర్లందరి బొమ్మలా. ఏస్త. వాళ్లెట్ల ఏయమంటున్నరు?

…యువరాణి లెక్కనా. ఎవలు, లెక్కల సుబ్బరత్నం టీచరా? వచ్చే ఏడు రిటైరవుతున్నరు గద ఆమె.

…

పద్నాలుగు మందికి పద్నాలుగు మంది యువరాణులేనా. మరి రాక్షసి?

…

అట్లనా. ఆ జాగ మీదేనా, ఎవలకూ ఇయ్యరా.

…

సరే టీచర్. కోరలు జర పెద్దగనే ఏస్త. ఉంటా మరి.